నాలుగు బెలూన్ల పాఠం

భూమేశ్వర్ నాలుగు బెలూన్లనూ బల్ల మీద పెట్టి జలీల్ కోసం చూస్తున్నాడు. ఊదడం ఎప్పుడూ జలీల్ పనే. కిటికీ అవతలే పసుపు కొమ్ముల మార్కెట్ యార్డు. కుప్పలు పోసిన రోజు గాలి కూడా పచ్చగానే ఉంటుంది. ఆ దుమ్ముకు భూమేశ్వర్ ఊపిరితిత్తులు ఏనాడో చేతులెత్తేశాయి.

ఆర్మూరులోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో భూమేశ్వర్ కెమిస్ట్రీ చెబుతాడు, జలీల్ ఫిజిక్స్. చెప్పుకోదగ్గ గొప్పవాళ్లేమీ కారు. అయినా హైబ్రిడైజేషన్ పాఠం వచ్చిందంటే ఇద్దరూ ఒకే క్లాసులో నిలబడాల్సిందే. ఎవరూ పెట్టని ఆనవాయితీ అది.

ఇద్దరిలో ఒకరిని తీసేస్తారని కాలేజీలో ముందునుంచీ గుసగుసలే. ఈరోజు పొద్దున్నే ప్రిన్సిపాల్ భూమేశ్వర్‌ను పిలిచాడు. వీడియో పాఠాలు కొన్నారట, రెండు సబ్జెక్టులకూ ఇక ఒక్క మనిషి చాలట. మీరు చూసుకుంటారా, జలీల్‌ను అడగమంటారా అన్నాడు. ఆలోచించుకుని చెబుతానన్నా సరిపోయేది. సిగ్గులేని నోరు, అంతవరకూ ఆగలేదు. చూసుకుంటానన్నాడు. జలీల్‌కు సాయంత్రం చెబుదామంటూ ప్రిన్సిపాల్ కొత్త ఫిజిక్స్ పుస్తకం చేతిలో పెట్టాడు.

జలీల్ రానే వచ్చాడు. బుగ్గలు ఉబ్బించి నాలుగూ ఊదాడు. భూమేశ్వర్ వాటి మూతులు కలిపి ముడేస్తే, ఎవరూ సర్దకుండానే నాలుగు దిక్కులకూ విచ్చుకున్నాయి. కార్బన్‌లోని ఒక ఎస్, మూడు పి ఆర్బిటాళ్లు కలిసి ఇలా ఒకేరకం నాలుగవుతాయనీ, ఆపైన ఎస్ ఏదో పి ఏదో విడదీసి చూపలేమనీ చెప్పాడు.

తరువాత జలీల్ వంతు. కలవకముందు చూస్తే ఒక్కో ఆర్బిటాల్ చిక్కు నాలుగు హైడ్రోజన్లతోనూ పెనవేసుకుని ఉంటుందట. కలిశాక ఆ చిక్కంతా దాదాపు ఒక్క హైడ్రోజన్‌తోనే. దాన్నే ఎంటాంగిల్‌మెంట్ అంటారన్నాడు. ఆ జోడీలో ఒక ఎలక్ట్రాన్ స్పిన్ పైకని తేలితే, రెండోది కిందికే.

రెండోదాన్ని చూడకుండానే ఎలా తెలుస్తుందని వర్షిత అనే పిల్ల లేచి అడిగింది.

జలీల్ చాక్‌పీస్ కోసం బల్ల వైపు తిరిగాడు. కెమిస్ట్రీ పుస్తకం కింద కొత్త ఫిజిక్స్ పుస్తకం. పరధ్యానంలో భూమేశ్వర్ రెండూ కలిపి పట్టుకొచ్చాడు. జలీల్ ఆయన ముఖంలోకి చూశాడు. భూమేశ్వర్ చూపు తిప్పుకున్నాడు.

"ఒక్కదాన్ని చూస్తే సాలు బిడ్డా," అన్నాడు జలీల్. "రెండోదాని సంగతి తెలిసిపోతది."

బెల్లు కొట్టారు. పిల్లలు వెళ్లాక జలీల్ చేతుల సుద్ద నెమ్మదిగా దులుపుకున్నాడు.

"నన్నడిగితే నేనే పోతుంటి గదన్నా. నీకు దమ్ము రోగమాయె, ఊపిరాడది. నేను యాడనన్న బతుకుతుంటి."

నాలుగు తిట్టినా బాగుండేది. భూమేశ్వర్ ఆ కొత్త పుస్తకాన్ని బోర్లించాడు. జలీల్ సాయంత్రం దాకా ఆగలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని తన ఊరు మాక్లూర్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండో సెక్షన్‌కు అదే పాఠం. అప్పటికి ఒక బెలూన్ ముడి జారి చప్పబడింది. భూమేశ్వర్ దాన్ని నోట పెట్టుకుని ఊదబోయాడు. దగ్గుతెర ఒకటి వచ్చి బల్ల పట్టుకుని వంగిపోయాడు.

పక్కన మూడు బెలూన్లలో జలీల్ ఊపిరి ఇంకా బిగిసే ఉంది.