సున్నా కాదు, తెలియదు

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పక్కగదిలోంచి భర్త గొంతు వినిపించింది. "అమ్మతో చెప్పు, కళ్ళ డాక్టరూ గిళ్ళ డాక్టరూ అని నా ప్రాణం తియ్యొద్దని. వయసు మీద పడ్డాక ఎవరికైనా మసక రాదా?"

ఆమె చేతిలో చొక్కా పక్కన పెట్టి వరండాలోకి వెళ్ళింది. "ఈ వారం ఆఫీసులో ఊపిరి సలపట్లేదట అత్తయ్యా. వీలు చూసుకుని తీసుకెళ్తానన్నారు."

"అలాగా," అంది అత్తగారు.

పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. వాడితో చెప్పు, అమ్మతో చెప్పు. కొడుకు మాటలో ముల్లు తీసి తల్లికి, తల్లి మాటలో ఏడుపు తుడిచి కొడుక్కి. వంటా, బట్టలూ కనీసం కంటికి కనిపిస్తాయి. ఇది కూడా ఒక పనేనని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. "నీ నోటి మంచితనం వల్లే ఇల్లు ప్రశాంతంగా ఉంది," అని భర్త ఓసారి మెచ్చుకున్నాడు కూడా. అప్పుడు మురిసిపోయింది.

ఆఫీసులో ఆమెకు అప్పగించిందీ అలాంటి పనే. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ అది. రోగుల వివరాలన్నీ ఒక పాత భాషలో రాసిన ప్రోగ్రాంలో ఉన్నాయి. మందు మోతాదు లెక్కకట్టే కొత్త ప్రోగ్రాం ఇంకో భాషలో రాస్తున్నారు. అక్కడి విలువలను ఇక్కడికి అర్థమయ్యే రూపంలోకి మార్చి అందించే వంతెన ఆమె రాయాలి. టీమ్ లీడర్ దాన్ని అతుకుల పని అనేవాడు. "బుర్ర పెట్టాల్సింది మేం. నువ్వు అటుది ఇటు అందించడమే కదా."

అందించడమే. కానీ పాత భాషలో ఒక గడి ఖాళీగా ఉండొచ్చు. నర్సు ఇంకా బిడ్డను తూయలేదనుకుంటే, బరువు గడి ఖాళీ. కొత్త భాషలో అంకె అన్నచోట అంకె ఉండి తీరాలి. సున్నా వేసి పంపేస్తే ఎవరికీ తలనొప్పి ఉండదు. ఆమెకు చెయ్యి రాలేదు. బరువు సున్నా అనడమూ బరువు తెలియదనడమూ ఒకటెలా అవుతాయి? అందుకని 'అంకె ఉండొచ్చు, లేకపోనూవచ్చు' అనే రకంగా మార్చి పంపింది. ఇక దాన్ని వాడుకునే ప్రతివాళ్ళూ, అంకె లేకపోతే ఏం చేస్తారో రాయాల్సిందే. రాయకపోతే కొత్త ప్రోగ్రాం ముందుకు కదలదు.

ఆ రోజు మధ్యాహ్నం మీటింగులో లీడర్ విరుచుకుపడ్డాడు. "నీ వల్ల మా పని ఎక్కడికక్కడ ఆగిపోయింది."

"నా వల్ల కాదు. బరువు తెలియకుండానే మందు లెక్కకట్టే చోటల్లా ఆగింది."

"సున్నా వస్తే మా వైపు మేం చూసుకుంటాంలే."

"ఎలా చూసుకుంటారో చూపించండి."

విసుగ్గా తెర మీద తెరిచాడు. సున్నా కనిపిస్తే ఏదో పొరపాటనుకుని, ఎదిగిన మనిషి బరువు వేసుకుని లెక్క చెయ్యమని ఎవరో ఎప్పుడో రాసి ఉంది. అంటే, తూయని పసిబిడ్డకు పెద్దవాళ్ళ మోతాదు.

లీడర్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఇవన్నీ సరిచేసే టైం లేదు. ప్రస్తుతానికి సున్నా వేసెయ్. నువ్వైతే కాస్త సర్దుకుపోతావని కదా ఈ పని నీకిచ్చాను."

సర్దుకుపోతావని. తెలివుందని కాదు, ఓపికగా చేస్తుందనీ కాదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. దాని వెనకే అత్తగారి "అలాగా" గుర్తొచ్చింది. నిన్న ఆవిడ నీళ్ళు గ్లాసులో కాకుండా బల్ల మీద పోసింది. తను గుడ్డ తెచ్చి తుడిచి, ఏమీ జరగనట్టే ఊరుకుంది. కొడుకు రాడని నిజం తెలిసుంటే ఆవిడ తన దారి తను వెతుక్కునేదేమో! తీసుకెళ్తాడని నమ్మించి కూర్చోబెట్టింది తనే. ఎవరి పరువు కాపాడటానికి? ఎవరి సుఖం కోసం?

"వెయ్యను," అంది. "కావాలంటే ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి. ఈ గదిలో ఎవరు వేస్తారో వెయ్యమనండి."

ఎవరూ ముందుకు రాలేదు. లీడర్ ల్యాప్‌టాప్ మూసేసి, కొత్త ప్రోగ్రాం విడుదల వాయిదా వేద్దామని గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటేనే భర్త అందుకున్నాడు. "అమ్మ మళ్ళీ మొదలెట్టింది. కుదరదని కాస్త నచ్చజెప్పు."

ఆమె సరాసరి వరండాలోకి వెళ్ళింది. "అత్తయ్యా, ఆయనకు మిమ్మల్ని తీసుకెళ్ళే ఉద్దేశం లేదు. ప్రాణం తియ్యొద్దన్నారు. వీలు చూసుకుని అన్నది ఆయన మాట కాదు, నేను కల్పించింది. ఇకనుంచి కల్పించను."

భర్త గుమ్మంలోకి ఉరికొచ్చాడు. "అలా చెప్తావేంటి?"

"మీరన్నదే చెప్పాను. ఒక్క మాట కూడా మార్చలేదు."

అత్తగారు ఒళ్ళో చేతులు సర్దుకుంది. తర్వాత కోడలి వైపు కాకుండా గుమ్మం వైపు తల తిప్పింది.

"నాకు మసకబారినవి కళ్ళేరా చిన్నా. చెవులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. ఈ పిల్ల తీపి చేసి తెచ్చేది కదా అని, ముందు నువ్వన్నది విననట్టు ఊరుకునేదాన్ని. ఇలా ఎదురుగా వచ్చి చెప్పు."

అతను అలవాటు కొద్దీ భార్య ముఖంలోకి చూశాడు, అనాల్సిన మాట కోసం. ఆమె కుర్చీ లాక్కుని అత్తగారి పక్కన కూర్చుంది. నోరు విప్పలేదు.