థెల్మా గడపలో తుపాకి

ఫోను మోగితే చాలు, థెల్మా గుండె గుభేలుమంటుంది. మరి కొడుకు ఎవరెట్ బతుకుతెరువే ఆ ఫోను. వంటింటి పక్క గదిలో మైకు పెట్టుకుని, పొద్దున్నే అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో సగానికి వినపడేలా రేడియోలో మాట్లాడతాడు. పన్నులు దండగ, లైసెన్సులు దండగ, ఎవడి బతుకు వాణ్ని బతకనివ్వండి అంటాడు. పట్నంలో పెద్ద రేడియోవాళ్లు ఆ నోరు భరించలేక సాగనంపితే, అమ్మ ఇంట్లోనే దుకాణం తెరిచాడు. వినేవాళ్ల ఫోన్లు, తిట్లతో సహా, అందుకునేది థెల్మాయే.

మొన్న మార్చిలో ఊరి ఖర్చుల మీద ఊరివాళ్లే ఓటేసే సభ జరిగింది. రోడ్ల మీద మంచు తోసే బండికి పన్ను డబ్బివ్వొద్దని జనం చేతులెత్తారు. అదంతా ఎవరెట్ నెలల తరబడి నూరిపోసిందే. ఆ బండి తోలే లీలండ్‌కి పని పోయింది.

ఇవాళ ఆ లీలండే ఫోను చేశాడు.

"నీ నోటి పుణ్యమా అని రోడ్డున పడ్డాను. మొహం మొహం చూసుకుని మాట్లాడాలి."

"రా! తలుపు తీసే ఉంటుంది" అన్నాడు ఎవరెట్, ఊరంతా వింటుండగా.

థెల్మా కాఫీ పక్కన పెట్టింది. ప్రకటనలు వస్తున్న సందు చూసి గదిలోకి దూరింది.

"మతిపోయిందట్రా నీకు? పోలీసులకి చెబుతున్నా."

"రోజూ పోలీసులొద్దని అరిచి, నా మీదికి వచ్చేసరికి పిలుస్తానా? నా మాటకి విలువేముంటుందమ్మా?"

"విలువా! శవానికి విలువేమిట్రా?"

"నీకు తాడు కనబడినా పామే" అని నవ్వాడు.

ఇంతలో ట్రక్కు రానే వచ్చింది. లీలండ్ దిగాడు. భుజాన తుపాకి. థెల్మా తలుపు దగ్గరికి పరిగెత్తింది. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"తప్పుకో పెద్దమ్మా."

"అది బయట పెట్టి రా."

"తుపాకి వద్దనే హక్కు ఎవడికీ లేదని నీ కొడుకే కదా మొత్తుకునేది?"

"సర్కారుకి లేదన్నాడు. ఇది నా ఇల్లు. ఎవరింట్లో వాళ్ల మాటే చెల్లాలని కూడా వాడే మొత్తుకుంటాడు. అప్పుడు నీ చెవుల్లో మంచు దూరిందా?"

లీలండ్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చివరికి తూటాలు తీసి జేబులో వేసుకుని, తుపాకి ఆమె చేతుల్లో పెట్టాడు.

"జాగ్రత్త. మా నాన్నది."

లోపలికి వెళ్లి మైకు ముందు కూలబడ్డాడు.

"ఆ సభలో వెనక బల్ల మీద కూర్చుని ఎత్తిన ప్రతి చెయ్యీ చూశాను. తెల్లారకముందే మీ వాకిళ్లలో మంచు తోసినవాణ్ని. ఒక్కడు కూడా నా వంక తిరగలేదు."

ఎవరెట్ తల దించుకుని మైకు లీలండ్ వైపు జరిపాడు. హమ్మయ్య, కొడుక్కి బుద్ధి వచ్చింది అనుకుంది థెల్మా.

అప్పుడు ఎవరెట్ మైకు మళ్లీ తన వైపు లాక్కున్నాడు.

"చూశారా, పోలీసుల కంటే ఇదే నయం. నా మీద కోపమున్నవాళ్లంతా రేపటి నుంచి నేరుగా వచ్చేయండి. తుపాకుల సంగతి మా అమ్మ చూసుకుంటుంది."

థెల్మా ఒడిలో తుపాకి ఇనుము చల్లగా తగులుతోంది. లీలండ్ కాబట్టి తూటాలు తీసి ఇచ్చాడు. రేపు వచ్చేవాడు ఇస్తాడా? లేచి తలుపు గడియ వేసింది. చెయ్యి మాత్రం గడియ మీంచి తియ్యలేకపోయింది.