కూతపెట్టె

ఎర్రప్ప గుమ్మఘట్ట పోస్టాఫీసు గోడ పక్కన గొంతుక్కూర్చుని, నేలలో దిగేసిన ఇనుప గొట్టం చుట్టూ చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. తడి తొందరగా ఆరకుండా ఉప్పు కలిపిన నీళ్ళు. పోసినవి పోసినట్టే నేల తాగేసింది. అడుగున మిగిలిన చుక్కలు కూడా వంచి, గొట్టానికి బిగించిన రాగితీగను వేలితో కదిపి చూశాడు. పొద్దు ఇంకా గుట్ట దాటలేదు.

రాయదుర్గం నుంచి గుమ్మఘట్టకు వచ్చే టెలిఫోనుకు ఉన్నది ఒకటే తీగ. మాట తీగ మీద పోతుంది, భూమిలోంచి తిరిగి వస్తుంది. భూమి తడిగా ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అరవై ఐదులో వానలు మొహం చాటేశాక, తీగ ఎక్కడా తెగకుండానే మాట సన్నబడింది. అందుకని లైన్‌మన్ ఎర్రప్ప ఉదయం ఒక చెంబు నీళ్ళు పోసి తీగ వెంట నడిచిపోతాడు. మధ్యాహ్నానికి ఆ తడి ఆరిపోతుంది. అప్పుడు ఎదురింట్లోంచి అతని భార్య కదిరమ్మ వచ్చి ఇంకొక చెంబు పోస్తుంది. ఆమెకు జీతం లేదు, ఎవరూ పొయ్యమనలేదు కూడా.

కదిరమ్మ తమ ఇంటి అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. దుప్పటి భుజాల మీదికి లాక్కుంది. పక్కన కొబ్బరి చిప్పలో మధ్యాహ్నానికని ఉప్పు తీసి పెట్టుకుంది.

“ఈ పొద్దు నువ్వు పొయ్యొద్దులే. పండుకో. రాత్రంతా ఊపిరి ఎగపోసుకుంటాంటివి” అన్నాడు ఎర్రప్ప, వీధి దాటి వచ్చి ఖాళీ చెంబు ఆ చిప్ప పక్కన పెడుతూ.

“ఎగపోసుకుంటే చెయ్యి పడిపోయిందా?” కదిరమ్మ నవ్వబోయి దగ్గింది. “నేను పొయ్యకుంటే నువ్వు ఆడ కంబం కింద కూర్చోని ఏం వింటావు?”

టెలిఫోను కంబం కింద కూర్చుని వింటానని ఎర్రప్ప ఆమెకెప్పుడూ చెప్పలేదు.

“నాకు తెలీదనుకున్యావా? పోయినేడు నాకు జరమొచ్చి పొయ్యలేదని, మిట్టమధ్యానం పరిగెత్తుకోని వచ్చి ఈ వాకిట్లోనే కండ్లు తిరిగి పడితివి. ఈ వయసులో ఆ పరుగు వద్దప్పా.”

“పక్కింటి హనుమక్కను తోడు పిల్చుకోని వైద్యుని దగ్గరికి పో.”

“పోతాలే. నువ్వు బయల్దేరు, ఎండ ముదురుతాది.”

ఎర్రప్ప తూర్పు తిరిగి దండం పెట్టుకున్నాడు. నరసింహస్వామి పేరు తలుచుకుని, నిచ్చెన భుజానికెత్తుకుని, కూతపెట్టె సంచిలో వేసుకున్నాడు.

ఆ పెట్టె అతడు చేసుకున్నదే. తీగ మధ్యలో నిలబడి, ఊరి వైపు దారి బాగుందో లేదో తెలుసుకునే సాధనం అతని దగ్గర లేకపోయింది. రాయదుర్గంలో పనికిరావని పక్కన పడేసిన సామాన్లలోంచి ఒక తంతి మీట, పగిలిన ఫోను రిసీవరు, పాత గంటలోని తీగచుట్ట, సగం అరిగిన బ్యాటరీ అడిగి తెచ్చుకున్నాడు. వాటిని అమర్చడానికి పెట్టె కావాలంటే, కదిరమ్మ తన వక్కాకు పెట్టెను కొంగుతో తుడిచి ఇచ్చింది. ఇప్పటికీ మూత తీస్తే సున్నం వాసన వస్తుంది. మీట నొక్కితే కూ అని పలుకుతుంది. ఆ కూత తీగ మీద ఊరికి పోయి, గొట్టం గుండా మట్టిలోకి దిగి, మట్టిలోంచే తిరిగి అతని చెవికి వస్తుంది. మొదటిసారి అది పలికిన సాయంత్రం కదిరమ్మ చెవి దగ్గర పెట్టుకుని, “తేలు కుట్టిన మేకపిల్ల మాదిరి అరుస్తాండాది” అంది. తర్వాత చాలాసేపు దాన్ని వదల్లేదు. వాళ్ళకు పిల్లలు లేరు.

మధ్యాహ్నానికి ఎర్రప్ప ఎర్రమట్టి దిబ్బ మీది కంబం దగ్గరికి చేరాడు. చుట్టూ మొలిచి మాడిన చెనక్కాయ చేలు. నీడ అనేది ఆ కంబానిది మాత్రమే, అదీ పాదాల కిందికి కుంచించుకుపోయింది. తీగకు కొక్కెం తగిలించి, ఇనుప చువ్వను నేలలో దిగ్గొట్టి, సొరబుర్రలోని నీళ్ళు కొన్ని దాని మొదట్లో పోశాడు.

గొర్రెలు తోలుకుపోతున్న నల్లప్ప ఆగి చూశాడు. “ఏమప్పా ఎర్రప్పా, మన్నుకు నీళ్ళు తాపుతాండావు? నా గొర్రెకు పోసినా నీ పెట్టెకంటే బాగా అరుస్తాది.”

“నీ గొర్రె గుమ్మఘట్టకు ఇనపడేట్లు అరుస్తాదా?”

“దుడ్లిస్తే నేనే అరుస్తా” అని నవ్వుకుంటూ నల్లప్ప గొర్రెలను అదిలించాడు. గంటల చప్పుడు దూరమైంది.

ఎర్రప్ప రిసీవరు చెవికి ఆనించి మీట నొక్కాడు. కూత సన్నగా, దోమ ముసిరినట్టుగా ఉంది. వదిలి, మళ్ళీ నొక్కాడు. అలాగే ఉంది. ఉదయం పోసిన తడి ఆరిపోయింది. ఇక ఎదురుచూడాలి.

తర్పణమని నీళ్ళు నేలలో పోసి కళ్ళకు కనపడనివాళ్ళకు చేరుతాయనుకోవడం అతడు చిన్నప్పుడు నాయన వెంట నేర్చుకున్నాడు. చేరుతాయో లేదో ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు. కానీ కదిరమ్మ పోసిన నీళ్ళు మాత్రం ఇంత దూరంలో అతని చెవికి చేరేవి. ఆమె ఒక్కసారిగా పోయదు. కొంచెం పోసి, నేల పీల్చుకునే దాకా ఆగి, మళ్ళీ కొంచెం పోస్తుంది. కూత కూడా అలాగే మెట్టు మెట్టుగా లావవుతుంది. దేవుడు వానగా ఇవ్వనిదాన్ని మనిషి చెంబుతో ఇస్తే భూమి ఒప్పుకుంటుందా అని అతనికొక్కోసారి అనుమానం. ఆ కూత వింటుంటే, ఒప్పుకుంటుందనే అనిపించేది.

మీట నొక్కాడు. సన్నగానే ఉంది. కొంతసేపు ఆగి నొక్కాడు. లేచి ఊరి వైపు చూశాడు. ఎండలో దారి ఊగుతోంది. సంచి సర్దుకోబోయి, ఆఖరుసారి అని మీట మీద వేలు పెట్టాడు.

కూత గప్పున వచ్చింది. చెంబంతా ఒకేసారి కుమ్మరించినట్టు, చెవి గింగురుమనేలా.

ఎర్రప్ప ఉలిక్కిపడి, తర్వాత తనలో తానే నవ్వుకున్నాడు. ‘నిలబడే ఓపిక లేక కుమ్మరించి పోయింటుంది. పండుకోనీలే.’ రొట్టె విప్పి, ఊరిబిండి పచ్చడి అద్దుకుని తిన్నాడు. మరోసారి నొక్కి చూస్తే కూత అప్పుడే పలచబడుతోంది. ఉప్పు చాలలేదేమో అనుకున్నాడు. తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నె ఒకటి పగిలి ఉంటే, తొందరపడకుండా కంబమెక్కి మార్చాడు. చల్లపూట తీరిగ్గా ఇంటిదారి పట్టాడు.

అరుగు ముందు నలుగురూ నిలబడి ఉన్నారు. అతన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. పొరుగింటి హనుమక్క గుమ్మంలోంచి లేచి వచ్చింది.

“పొద్దు నెత్తికెక్కకముందే పాణం పోయినాదన్నా. వైద్యుడు వచ్చేలోపలే.”

ఎర్రప్ప భుజం మీద నిచ్చెన అలాగే ఉంది. “మరి... నీళ్ళు?”

“నేనే పోసినా.” హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా చెయ్యి పట్టుకోని చెప్పింది. ‘మధ్యానానికి ఆడ ఒక చెంబు పొయ్యక్కా, లేకుంటే ఎండలో పరిగెత్తుకోని వస్తాడు’ అని. మళ్ళా మాట్లాడలేదు. ఈడ ఏడుపుల్లో పడి ఆలస్యమైనాది గానీ, మరిచిపోలేదన్నా.”

ఎవరో నిచ్చెన దించి పక్కన పెట్టారు. లోపల కదిరమ్మ తల దగ్గర దీపం వెలుగుతోంది. ఎర్రప్ప ఆమె పక్కన కూర్చుని పాదాల మీద చెయ్యి వేశాడు. హనుమక్క మీద కోపం రాలేదు. తాను రొట్టె తిన్న సంగతి గుర్తొచ్చి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళాక లేచి, వీధి దాటి గొట్టం దగ్గరికి పోయాడు. నేల తాకి చూశాడు. తడి లేదు. తిరిగి వచ్చి కూతపెట్టె అరుగు మీద దించాడు. అక్కడ, గోడవారగా, ఉదయం కదిరమ్మ తీసిపెట్టిన ఉప్పు కొబ్బరి చిప్పలో అలాగే ఉంది.