మగ్గానికి సెలవు రోజు

మొబైల్ యాప్‌లు తయారుచేయడానికి వాడే ఫ్లట్టర్‌ను నా కంప్యూటరులో ఎక్కిస్తున్నాను. సాయంత్రంలోగా చిన్న యాప్ ఒకటి నడిపి చూపిస్తే ఆదోనిలోని ఒక సంస్థ నన్ను పనిలోకి తీసుకుంటుంది. డౌన్‌లోడు ముగియవచ్చింది. అంతలో తెర ఆరిపోయింది.

గోడ దగ్గర స్విచ్చి ఆపి మా నాయన సిద్దప్ప నిలబడి ఉన్నాడు, చేతిలో కుంకుమ గిన్నెతో.

ఆ రోజు అమావాస్య. ఎమ్మిగనూరులో మా నేతవాళ్ల ఇళ్లలో అమావాస్యనాడు నూలు నేసే నాడె ఆడదు. మగ్గాన్ని తుడిచి, బొట్టు పెట్టి వదిలేస్తారు. ఆయన నా కంప్యూటరుకూ బొట్టు పెట్టాడు.

దించుకున్నదంతా మధ్యలో తెగి పాడైంది. ఫోనులో ఆనాటి డేటా అయిపోయింది. మళ్లీ మొదలుపెట్టడానికి ఇంట్లో దారి లేదు. ఇదంతా గొంతెత్తి చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. ఆ శాంతమే నన్ను ఎక్కువగా మండించింది.

"ఇది మగ్గం కాదు నాయనా."

"కొనియ్యమన్న పొద్దు ఏం సెప్తివి? మీకు మగ్గం ఎట్లనో నాకు ఇది అట్ల అంటివి. ఆ మాటకే గదమ్మా కొనిచ్చింది."

"ఇంకా నయం, మగ్గానికి మాదిరి దీనికీ కాళ్లు పెట్టను గుంత తవ్వియ్యలేదు" అంది అమ్మ వంటింట్లోంచి.

నాకు నవ్వు రాలేదు. అది ఆయన మూఢత్వమని కొట్టిపారేయగలిగితే కోపం తేలికయ్యేది. కానీ నా పనిని పనిగా ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. ఒప్పుకుంటూనే తన నియమాన్నీ నా మీద వేశాడు. రెండూ ఒకే చేతితో ఇచ్చినప్పుడు ఒకదాన్ని మాత్రమే తోసివేయడం ఎలా?

"నా మగ్గానికి సెలవు ఎప్పుడో సెప్పేది నువ్వా, నేనా?"

"మగ్గం ఎవురిదైనా అమావాస్య అందరిది."

కంప్యూటరు పెట్టెను దుప్పటిలో చుట్టాను. ఆదోనిలో నా స్నేహితురాలు అర్చన ఇంట్లో నెట్ ఉంది. పనిముట్టు ఆ పూట గడప దాటకూడదంటూ నాయన వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"పక్కకు జరుగు నాయనా."

జరిగాడు. అంత తేలికగా జరిగినందుకూ కోపం వచ్చింది.

అర్చన ఇంట్లో ఫ్లట్టర్ ఎక్కింది. యాప్ నడిచింది. పని ఖాయమైందని ఇంటికి ఫోను చేశాను. నాయన, ఆ సంస్థవాళ్లు అమావాస్యకు సెలవిస్తారా అని అడిగాడు. ఇవ్వరన్నాను.

"అట్లయితే అది మగ్గం గాదులేమ్మా" అన్నాడు నిదానంగా.

పొద్దున ఆ మాట అన్నది నేనే. ఆయన నోట వినేసరికి ఒళ్లు మండి ఫోను పెట్టేశాను.