నూకరత్నం లాంగ్ జంప్ రికార్డు

చోడవరంలో నూకరత్నం చదివిన హైస్కూలుకు పరుగైనా, గెంతైనా, ఈటె విసరడమైనా ఆ పిల్లే దిక్కు. రావికమతం వైపు చెరుకు రైతు కూతురు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, చెప్పుల్లేని కాళ్ళతో గ్రౌండు చుట్టేది. తొంభై నాలుగులో జిల్లా పోటీలకు విశాఖపట్నం వెళ్ళినప్పుడు డ్రిల్లు మాస్టారు సత్యారావు ఆమె పేరు ఇవ్వని పోటీ లేదు.

పరుగు గెలిచింది. లాంగ్ జంప్‌లో జిల్లా రికార్డు కొట్టింది. ఈటెలోనూ ఆమే ఫస్టు. హైజంప్‌లో ఇసక మీద పడ్డప్పుడు మాత్రం కుడి మోకాలు మెలిపడింది.

“కాలు లాగేస్తంది మాస్టారూ,” అంది.

“రిలే ఒక్కటే మిగిలిందే. అది కొడితే షీల్డు మనదే. నువ్వు కూకుంటే ఈ గుంటలందరి కష్టం గంగపాలు.”

మిగతా ముగ్గురు పిల్లలూ ఆమె మొహంలోకి చూశారు. నూకరత్నం మోకాలికి గట్టిగా కట్టు కట్టించుకుని పరిగెత్తింది. గీత దాటిన మరుక్షణం మోకాల్లో ఏదో పుటుక్కుమంది.

చోడవరంలో షీల్డును బాజాలతో ఊరేగించారు. ఆ సాయంత్రం ఆమె ఆసుపత్రి వరండాలో తండ్రి ఒళ్ళో తలపెట్టి పడుకుంది. నరం తెగిందన్నారు. ఇక పరుగు మాట మరిచిపొమ్మన్నారు.

మాస్టారు చూడ్డానికి రాలేదు. మరుసటేడు కబురు పెట్టాడు, గెంతులు కొలవడానికి టేపు పట్టమని. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళింది. కొత్త పిల్లలకు ఆమెను చూపించి ఆయనన్నాడు: “సూసేరా? ఒళ్ళు తెలీకుండా పరిగెడితే ఇలాగే కుంటాలి.”

పిల్లలు నవ్వారు. నూకరత్నమూ నవ్వింది. నవ్వకపోతే బాగుండదు కదా.

నవ్వనిది కె.కోటపాడు పిల్ల కనకమహాలక్ష్మి ఒక్కతే. ‘అక్కా, అక్కా’ అంటూ వెంట తిరిగి నూకరత్నం దగ్గరే గెంతడం నేర్చుకుంది. నూకరత్నం మనసుపెట్టే నేర్పింది. కానీ ఆ పిల్ల గెంతు తన రికార్డు దగ్గరికి జరుగుతున్నకొద్దీ కడుపులో మంట మొదలైంది.

ఆ ఏడు జిల్లా పోటీల్లో రెండో గెంతుకే కనకమహాలక్ష్మి చీలమండ బెణికింది.

“ఏటే, ఇంకోటి గెంతగలవా?” అన్నాడు మాస్టారు.

పిల్ల ఆయన వైపు చూడలేదు. “నువ్వు సెప్పక్కా. వద్దంటే మానేస్తాను.”

నూకరత్నం ఆ చీలమండ పట్టుకు చూసింది. బాగా వాచి, కాలిపోతోంది. అది విరగాలని, ఇక్కడే, అందరి ముందూ విరగాలని కోరుకుంది.

“ఏటీ అవదు. గెంతెయ్.”

కనకమహాలక్ష్మి పరిగెత్తింది, ఎగిరింది, ఇసకలో పడింది. లేచి నిలబడింది. కొలత చదివారు. నూకరత్నం రికార్డు జానెడు దూరంలో వెనకబడిపోయింది.

పిల్ల కుంటుకుంటూ వచ్చి ఆమెను వాటేసుకుంది. “నువ్వు గెంతమన్నావనే గెంతేనక్కా!”

“కాలు నొప్పెడతందా?”

“లేదక్కా. బాగానే ఉంది.”

ఆ మాట విన్నాక నూకరత్నానికి ఏడుపు ఆగలేదు. శిష్యురాలు గెలిచిందని సంతోషంతో ఏడుస్తోందని మాస్టారు నలుగురికీ చెప్పాడు.