నీళ్ళు పోసిన చేతులు

రొమ్ము పరీక్షల వ్యాను బళ్ళారి నుంచి మా చోరనూరు బడికి వచ్చిన రోజు, మధ్యాహ్నం దాకా ముగ్గురే ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో మా మరదలు రోహిణి లేదు. రొమ్ములో ఏదో గట్టిగా తగులుతోందని ఆమె నా కూతురు అనూషతో అన్నదట. రోహిణి అక్క, నా భార్య నాగలక్ష్మమ్మ, పోయింది రొమ్ము క్యాన్సరుతోనే.

వాళ్ళింటికి వెళ్ళాను. ఖనిజం లారీలు లేపే ఎర్రదుమ్ము పడకుండా రోహిణి వడియాల మీద పాత చీర కప్పుతోంది.

“మూడు గంటలకంతా వ్యాను పోతాదంటమ్మా.”

“పోనీ బావా. ఆ వ్యాను కాడికి పోతే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రికి పోతే కత్తి. అక్కకు కడపటి నీళ్ళు పోసింది మేమే గదా. నేను, మారమ్మత్త, ఇంకో నలుగురం. ఆ కోత చూసినోళ్ళం ఎవరమూ రాము. కోయకుంటే ఇంకా బతికేదని నువ్వే గదా అంటివి?”

అన్నాను. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ అన్నాను. కాలేజీలో చదివినవాడి మాట, అందరూ నమ్మారు.

“అబద్ధం చెప్పినానమ్మా. చింతగింజంత ఉన్నప్పుడే మీ అక్క నాకు చెప్పింది. ఖనిజం లోడింగు జోరుగా ఉండాది, వానలు పడి మన లారీలు నిలిచినాక పోదామంటిని. ఎనిమిది నెలలు. కోసేసరికే లోపలంతా పాకింది.”

రోహిణి చీర అంచు మీద రాయి పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

“ఇంత ఆలస్యమేందక్కా అని అడిగితిని బావా. సిగ్గేసి నీకు గూడా చెప్పలేదనింది.”

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. బడి దాకా నాకంటే ముందే నడిచింది. పరీక్ష అయి బయటికి వచ్చినప్పుడు చేతిలో చీటీ ఉంది.

“నిమ్మకాయంత ఉండాదంట. రేపే పెద్దాసుపత్రికి రమ్మనిరి.” చీటీని మడిచి కొంగున ముడేసుకుంది. “ఆ నర్సమ్మ చేతులు రుద్దుకొని, వెచ్చగా చేసుకొని ముట్టింది బావా. అక్కకు అట్ల చేసిరా?”

తెలియదు. నేను అప్పుడు ఆసుపత్రి వరండాలో, లారీల గురించి ఫోనులో మాట్లాడుతున్నాను.

“అయితే పో,” అంది. “మారమ్మత్తకు చెప్పు. ఎనిమిది నెలలని గూడా చెప్పు. వ్యాను ఇంకా అరగంట ఉంటాది.”

మారమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళు బియ్యం ఏరుతున్నారు. నన్ను చూసి మారమ్మ అరుగు మీది ఎర్రదుమ్మును కొంగుతో తుడిచి, కూర్చోమంది.

నిలబడే చెప్పాను.