నిదానం కొండ

పొద్దున్నే గ్వెయ్ఝి పెరట్లో నిలబడి ఒక్క కేక వేస్తే పందులన్నీ పరిగెత్తుకొచ్చేవి. ఎదురుగా ఉన్న కొండ మాత్రం ఉలకదు, పలకదు. మా లోయలో దాని తీరే అంత. మనం అరిచింది ఎప్పుడు తిరిగివ్వాలో దాని ఇష్టం. వారానికివ్వచ్చు, మనిషి పోయాక ఇవ్వచ్చు. ముందు చెట్లలోంచి పక్షులు లేస్తాయి, ఆ వెనకే గొంతు వినిపిస్తుంది. గ్వెయ్ఝి అత్తగారు కాలం చేసి ఎన్నో ఏళ్ళయినా అక్కడి నుంచి కోడల్ని తిట్టిపోస్తూనే ఉండేది. "వస్తున్నా అత్తా!" అని గ్వెయ్ఝి అలవాటుగా జవాబిచ్చి తన పని తను చూసుకునేది. ఒక కేకను కొండ ఒక్కసారే తిరిగిస్తుంది. అందుకని ఊళ్ళో అందరం దాన్ని నిదానం కొండ అంటాం.

ఆ కొండంటే గ్వెయ్ఝికి భయం. ఎందుకో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

జపాను వాళ్ళతో యుద్ధం జరిగే రోజుల్లో ఒక అమెరికా విమానం పొగమంచులో ఆ కొండకు కొట్టుకుంది. బతికి బయటపడ్డ ఎర్రజుట్టు కుర్రాడు గట్టు మీద నిలబడి, చేతులెత్తి, మా భాషలో తనకొచ్చిన ఒక్క ముక్కా అరిచాడు. నేను మెయ్‌గ్వో మనిషిని, అని. మెయ్‌ అనేటప్పుడు గొంతు కిందికి దించి లేపాలి. అప్పుడది అమెరికా. దించకుండా పైకి లాగితే, దేశమే లేదని అర్థం. వాడు పైకి లాగాడు.

"దేశం లేదంటున్నాడు. ఏ దొంగల ముఠావాడో," అంటూ గ్వెయ్ఝి మొగుడు దువాన్ కొడవలి తీశాడు.

"దొంగైతే చేతులెత్తి వస్తాడా? ముందా కాలు చూడు, ఎలా వేలాడుతోందో!" అంది గ్వెయ్ఝి. వాణ్ణి తన ఇంటి అటక మీద పడుకోబెట్టింది.

వాడి పేరు వెండెల్. కాలు అతుక్కునేదాకా ఉన్నాడు. అన్నాళ్ళూ ఎవరి అనుమానం వాళ్ళది. ముందుగా ఆమె ఒక ముద్ద తింటే తప్ప వాడు గిన్నె ముట్టేవాడు కాదు. ఆమె వాడి పిస్తోలు తీసుకుపోయి ఊరగాయ జాడీలో దాచేసింది. దువాన్ నిచ్చెన కింద కొడవలి పక్కన పెట్టుకుని పడుకునేవాడు. అయినా గ్వెయ్ఝి రోజూ పాఠం మానలేదు.

"దించు... ఇప్పుడు లేపు. అయ్యో, మళ్ళీ దేశం పోగొట్టుకున్నావురా మొద్దూ!"

వాడు పగలబడి నవ్వేవాడు. ఒకరోజు ఆమె తినకముందే గిన్నె లాక్కుని తినేశాడు. ఆమె వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

వెళ్ళే రోజున కనుమ దగ్గర ఆగి అదే మాట మళ్ళీ అరిచాడు. ఈసారి వంక పెట్టడానికి లేకుండా దించి లేపాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. కొండ రెండు కేకలూ లోపల పెట్టుకుని ఊరుకుంది.

తరవాత రోజులు తిరగబడ్డాయి. కొరియాలో అమెరికా వాళ్ళతో పోరాడడానికి వెళ్ళిన మా ఊరి కుర్రాళ్ళు తిరిగి రాలేదు. అమెరికా వాడికి అన్నం పెట్టినవాళ్ళు గూఢచారులనే కాలం వచ్చింది. పట్నం నుంచి కమిటీ దిగింది. దాని పెద్ద షావ్ గ్వెయ్ఝి వంటింట్లోకి వచ్చి, కుండ మీది మూత ఎత్తి వెలుగులోకి తిప్పాడు. అది విమానం రేకు. దాని మీద సగం తెల్ల నక్షత్రం ఇంకా పోలేదు.

"ఇదెక్కడిది?"

"కొండ మీద దొరికింది, కామ్రేడ్."

"రేకుతోపాటు మనిషి కూడా దొరికాడట?"

ఎవరు చెప్పారో ఈనాటికీ తెలీదు. ఆ పూట నుంచి ఊళ్ళో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం.

"దొరికాడు. ఏ దేశమో నాకేం తెలుసు?" అంది గ్వెయ్ఝి.

"అమెరికా వాడైతే నిన్ను గనులకు పంపుతాం," అన్నాడు షావ్. గనులకు పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. "నువ్వు అబద్ధమాడతావు. నీ ఊరూ ఆడుతుంది. కొండ మాత్రం ఆడదు. అదేమంటుందో విందాం."

కళ్ళం దగ్గర బల్లలు వేశారు. ఆమె మెడకు నేరం రాసిన పలక కట్టి నిలబెట్టారు. పొలం పనులు ఆపి ఊరంతా కూర్చున్నాం. మొదట అత్తగారే పలికింది, "కూరలో ఉప్పెక్కువైంది, దరిద్రపుదానా!" అని. ఎవరికీ నవ్వు రాలేదు. కొండలో ఉన్నవి రెండు కేకలని గ్వెయ్ఝికి తెలుసు. తను కష్టపడి నేర్పిన కేక వస్తే తన పని అయిపోయినట్టే. అంత బాగా ఎందుకు నేర్పానా అని తన నోటిని తనే తిట్టుకుంది.

పక్షులు లేచాయి. కుర్ర గొంతు, పరాయి గొంతు. నేను మెయ్... ఆమె కళ్ళు మూసుకుంది. గొంతు దిగలేదు. పైకే పోయింది.

"ఏమన్నాడు?" అన్నాడు షావ్.

దువాన్ లేచాడు. "దేశం లేదన్నాడు, కామ్రేడ్. ఆనాడూ అదే అన్నాడు. అందుకేగా నేను కొడవలి తీశాను!"

"పరాయివాడు. తప్పు పలికాడేమో."

"వాడి సంగతి నాకు తెలీదు. కొండ అబద్ధమాడదని తమరేగా అన్నారు?"

షావ్ ఆమె మెడలోని పలక విప్పించాడు. మూత మాత్రం పట్టుకుపోయాడు.

కానీ రెండో కేక లోపలే ఉంది. అందుకని ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒక అలవాటు మొదలైంది. పక్షులు లేస్తే చాలు, ఎవరి మూకుడు వాళ్ళు తీసి గరిటెలతో బాదేవాళ్ళం. కొండ ఏమందో ఎవరికీ వినపడకూడదు. ఎన్నో ఏళ్ళు అలాగే బాదాం. మనవాళ్ళు అమెరికా వాళ్ళతో మళ్ళీ చేతులు కలిపారని రేడియో చెప్పింది. మేం నమ్మలేదు, బాదడం మానలేదు.

ఒక పొద్దున గ్వెయ్ఝి పందుల్ని పిలవబోతుంటే పక్షులు లేచాయి. "నేను..." అంది కుర్ర గొంతు. అందరికంటే ముందు మూకుడు బాదింది గ్వెయ్ఝే. వెంటనే ఊరంతా అందుకుంది. అంతలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆపండర్రా! వాడు సరిగ్గా పలుకుతున్నాడు, నన్ను విననివ్వండర్రా!"

మేం ఆపేసరికి కొండ చెప్పడం అయిపోయింది. ముసలిది అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. మాకు తలెత్తి చూసే మొహం లేకపోయింది.

ఆ సాయంత్రం కర్ర పట్టుకుని కనుమ దాకా ఎక్కి, తన మనవడి వయసు వాణ్ణి పిలిచినట్టు పిలిచింది. "వెండెల్! తిన్నావురా?"

గ్వెయ్ఝి పోయి చాలా కాలమైంది. ఆ కేక ఇంకా తిరిగి రాలేదు. ఇప్పుడు పక్షులు లేస్తే మేం గరిటెలు కింద పెట్టి నిలబడతాం.